ఊళ్లు కాదు, లోయలు లెక్కపెట్టండి

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ కొండల్లో సైకిలు తొక్కాలనుకునే మనవాళ్లు చాలామంది ముందుగా ఊళ్ల జాబితా రాసుకుంటారు. బైబరీ, బోర్టన్-ఆన్-ద-వాటర్, లోయర్ స్లాటర్, స్టో, బ్రాడ్‌వే. కారులో తిరిగేవాళ్లకు ఆ జాబితా సరిపోతుంది. సైకిలు మీద వెళ్లేవాళ్లు మ్యాపులో ఆ చుక్కల్ని గీతలతో కలిపారంటే సగం రోజు లారీల పక్కన గడుస్తుంది, మిగతా సగం ఎక్కుళ్ల మీద సైకిలు నెట్టుకుంటూ గడుస్తుంది. ఈ ప్రాంతంలో ముందు దారిని ఎంచుకోవాలన్నది నా వాదన. ఏ ఊళ్లు చూడాలన్నది ఆ దారే తేలుస్తుంది.

కారణం నేలలోనే ఉంది. కాట్స్‌వోల్డ్స్ అంటే ఒక పక్కకు ఒరిగిన సున్నపురాయి పలక. పడమటి అంచు నిటారుగా లేస్తుంది. చెల్టన్‌హామ్ దగ్గరి క్లీవ్ హిల్ అన్నిటికంటే ఎత్తు, 330 మీటర్లు. అక్కణ్ణుంచి ఆగ్నేయంగా థేమ్స్ వైపు నేల మెల్లగా వాలుతూ పోతుంది. విండ్రష్, కోల్న్, లీచ్, ఈవెన్‌లోడ్ నదులన్నీ ఇంచుమించు ఆ వాలునే పట్టుకుని లోయలు కోశాయి. సున్నపురాయి నీటిని నిలవనీయదు. దాని కింద ఉన్న బంకమన్ను దిగనీయదు. రెండూ కలిసే చోట ఊట పుడుతుంది, ఊట ఉన్నచోట ఊరు వెలిసింది. అందుకే ఇక్కడి పాత ఊళ్లలో ఎక్కువ భాగం లోయ అడుగునో, దాని పక్కవాటునో ఉంటాయి. గుట్ట నెత్తిన కూర్చున్న స్టో లాంటివి తక్కువ.

సైకిలు తొక్కేవాడికి దీనర్థం ఒక్కటే. ఒక లోయలోని ఊరి నుంచి పక్క లోయలోని ఊరికి వెళ్లాలంటే 60, 80 మీటర్లు ఎక్కి మళ్లీ అంతా దిగాలి. అరకిలోమీటరులో 70 మీటర్లు అంటే 14 శాతం. లోయలకు అడ్డంగా గీసిన దారి రంపం పళ్ల మీద నడిచినట్టుంటుంది. పది ఊళ్లు పెట్టుకుంటే 50 కిలోమీటర్లలో 700 మీటర్లు ఎక్కక తప్పదు. అదే 50 కిలోమీటర్లు ఒక లోయ వెంట పైకో కిందికో సాగి, ఒకటి రెండు చోట్ల మాత్రమే గట్టు దాటితే ఎక్కుడు ఇంచుమించు సగానికి తగ్గుతుంది. చూసే ఊళ్లేమీ తగ్గవు.

దీన్ని తేల్చుకోవడానికి బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ల్యాండ్‌రేంజర్ మ్యాపుకి మించింది లేదు. కొలమానం 1:50,000. కాగితమైనా సరే, ఫోన్‌లోదైనా సరే. కింద నేను చెప్పబోయే దారికి, అంటే బర్ఫర్డ్ చుట్టుపక్కలకు 163, 164 నంబర్ల షీట్లు రెండూ కావాలి. అందులో ఎత్తు గీతలు 10 మీటర్లకొకటి ఉంటాయి. రెండు గీతల మధ్య ఎడం 2 మిల్లీమీటర్లుంటే నేల మీద 100 మీటర్లు, అంటే 10 శాతం వాలు. 1 మిల్లీమీటరే ఉంటే 20 శాతం. రోడ్డు మీద ఒక బాణం గుర్తు ఉంటే 14 నుంచి 20 శాతం, రెండు బాణాలుంటే 20కి పైన. మొన దిగుడు వైపు చూస్తుంది. చాలామంది బాణాలు లేవు కదా అని ధీమాగా వెళ్లి దెబ్బతింటారు. 13 శాతం ఎక్కుడుకి బాణం వేయరు. గీతలు లెక్కపెట్టాల్సిందే.

రంగులు కూడా చదవాలి. ఎరుపు ‘ఏ’ రోడ్డు, అంటే పెద్ద రోడ్డు; నారింజ ‘బీ’ రోడ్డు, దాని తర్వాతి తరగతి; పసుపు చిన్న రోడ్డు. పసుపులోనూ రెండు రకాలు: 4 మీటర్ల కంటే వెడల్పువి లావు గీత, తక్కువవి సన్న గీత. మనకు కావలసింది సన్న పసుపు. తెల్లగా వదిలేసిన దారులు తారు వేసినవే కావచ్చు, ఎవరి పొలానికో పోయి ఆగిపోనూవచ్చు. దారి గీసే యాప్‌లు బోల్తా పడేది ఇక్కడే. కొన్ని యాప్‌లు ‘సైకిలు దారి’ అనే ముద్ర చూసి గుర్రపు బాటల్లోకి తోస్తాయి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టం వల్ల ఇంగ్లండ్‌లో గుర్రపు బాటల మీద సైకిలు తొక్కే హక్కు ఉన్న మాట నిజమే. హక్కుంటే బురద గట్టిపడుతుందా? జాతీయ సైకిలు నెట్‌వర్క్ నంబరు కనిపించగానే నమ్మేయక్కర్లేదు. సస్ట్రాన్స్ సంస్థే 2020లో భద్రత చాలదని తన నెట్‌వర్క్‌లో దాదాపు పావు వంతును జాబితా నుంచి తీసేయడమో, తరగతి మార్చడమో చేసింది. మరికొన్ని యాప్‌లు ఎక్కువమంది తొక్కిన దారే మంచిదనుకుంటాయి. ఎక్కువమంది తొక్కింది శిక్షణకు పనికొచ్చే బీ రోడ్డు. నిశ్శబ్దం వెతుక్కునేవాడికి దానితో పనిలేదు.

ఇక దారుల చరిత్ర. పురాతన గ్రామాలంటూ ఇంటి గోడల్ని ఫొటో తీసేవాళ్లు చక్రం కింద ఉన్న చరిత్రను పట్టించుకోరు. ఇక్కడ రెండు జాతుల చిన్న రోడ్లున్నాయి. మొదటిది ఊరినీ ఊరినీ కలిపే పాత బాట. శతాబ్దాలుగా బండ్లూ, గొర్రెల మందలూ, వాననీరూ కోయగా కోయగా పొలం మట్టం కంటే లోతుకు దిగిపోయింది. వంకర్లు పోతుంది, ఇరుపక్కలా ముళ్లకంచె ఉంటుంది. రెండోది 18, 19 శతాబ్దాల్లో ఉమ్మడి భూముల్ని చట్టం ద్వారా చుట్టుకట్టి పంచినప్పుడు సర్వేయరు కొలతబద్దతో గీసింది. అది తిన్నగా పోతుంది. గోడకూ గోడకూ మధ్య 40 అడుగులు వదిలారు. అప్పట్లో తారు లేదు కాబట్టి ఒకచోట గుంట పడితే బండి పక్కకు తప్పుకోవడానికి ఆ వెడల్పు అవసరమైంది. ఇప్పుడు నడిమధ్య 3, 4 మీటర్ల తారు, మిగతాదంతా గడ్డి.

ఈ తేడా తెలిస్తే మలుపు అవతల ఏముందో ముందే ఊహించవచ్చు. తిన్నటి దారిలో చూపు దూరం పోతుంది, బురద తక్కువ. కానీ గట్టు మీద గాలి అడ్డూ ఆపూ లేకుండా కొడుతుంది, కార్లు వేగంగా వస్తాయి. అలాంటి రోడ్డుకి చట్టప్రకారం పరిమితి గంటకు 60 మైళ్లు! లోతు బాటలో గాలి తగలదు, కార్లు మెల్లగా వస్తాయి. కానీ మధ్యలో పచ్చటి నాచు చార, మలుపుల్లో కొట్టుకొచ్చిన కంకర, ఎదురుగా దారంతా నిండిపోయిన ట్రాక్టరు. వైచ్‌వుడ్ రాజాటవి ఒక మంచి ఉదాహరణ. 1857లో దానికి అడవి హోదా తీసేసి, చెట్లు నరికి, పొలాలు చేసి, కొత్త రోడ్లు వేశారు. లీఫీల్డ్ చుట్టూ స్కేలు పెట్టి గీసినట్టున్న రోడ్ల పుట్టుక అది.

ఒక అభ్యంతరం వినిపిస్తుంది: అంత దూరం వెళ్లి పేరున్న ఊళ్లు వదిలేయడం ఏం తెలివి? వదిలేయమనడం లేదు. బైబరీలోని ఆర్లింగ్టన్ రో 1380 ప్రాంతంలో ఉన్ని గిడ్డంగిగా కట్టి, 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చిన వరస. చూడదగ్గదే. కానీ ఆ ఊరు బీ4425 మీద ఉంది, పగలంతా టూరిస్టుల రద్దీ. చూడాలనుకుంటే ఉదయం 9 లోపు చూసేసి, కోల్న్ నది వెంట ఎగువకు ఆబ్లింగ్టన్, విన్సన్, కోల్న్ రోజర్స్ మీదుగా వెళ్లండి. అదే రాయి, అదే కప్పు, అదే నది. ఇంకో మాట. ఈ ఊళ్లు ఇంత ముచ్చటగా మిగలడం వెనక ఎవరి అభిరుచీ లేదు. ఉన్ని డబ్బుతో కట్టారు, ఆ వ్యాపారం ఎటో తరలిపోయాక కూల్చి కొత్తవి కట్టే స్తోమత లేకపోయింది. టూరిస్టులు ఆగే ఊరికీ ఆగని ఊరికీ ఈ విషయంలో తేడా లేదు.

నిర్దిష్టంగా ఒక దారి చెబుతాను. లండన్ పాడింగ్టన్ నుంచి వచ్చే రైలు మార్గంలో చార్ల్‌బరీ, కింగమ్ రెండూ స్టేషన్లే. మొదటిదాంట్లో దిగి రెండోదాంట్లో ఎక్కాలి. మొత్తం సుమారు 50 కిలోమీటర్లు. ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. చార్ల్‌బరీ నుంచి బర్ఫర్డ్ దాకా దక్షిణానికీ పడమరకూ వెళ్తారు కాబట్టి ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే ఎదురుగాలి అయిపోతుంది. బర్ఫర్డ్ నుంచి కింగమ్‌కి మొత్తం మీద ఉత్తర దిశ, అదే గాలి వెనక నుంచి నెడుతుంది. గాలి తూర్పు నుంచో ఉత్తరం నుంచో ఉందని వాతావరణ సూచన చెబితే దారిని తిరగేయండి.

చార్ల్‌బరీ నుంచి ఫిన్‌స్టాక్ మీదుగా లీఫీల్డ్‌కి ఎక్కాలి, తర్వాత విండ్రష్ లోయలోకి మిన్‌స్టర్ లవెల్ దాకా దిగుడు. 1430లలో కట్టిన లవెల్ వంశం వారి భవనం శిథిలాలు నది ఒడ్డునే ఉన్నాయి, టికెట్టు లేదు. అక్కణ్ణుంచి ఆస్టాల్, స్విన్‌బ్రూక్, విడ్‌ఫర్డ్ మీదుగా బర్ఫర్డ్ దాకా దారి లోయను వదలదు. స్విన్‌బ్రూక్ చర్చిలో ఫెటిప్లేస్ కుటుంబం వాళ్ల విగ్రహాలు అలమరా అరల్లో పడుకున్నట్టు మోచేతి మీద ఆనుకుని ఉంటాయి. రెండు వరసలు, మొత్తం ఆరుగురు. విడ్‌ఫర్డ్‌లో ఊరు పోయింది, పొలం మధ్య చిన్న చర్చి మాత్రం మిగిలింది, దాని నేల కింద రోమన్ల మొజాయిక్ ఉంది. సైకిలు గేటు దగ్గర పెట్టి నడవాలి. బర్ఫర్డ్ చర్చిలో 1649లో క్రామ్‌వెల్ సైన్యంలో తిరగబడ్డ లెవెలర్లను, అంటే సమాన హక్కులు కోరిన సైనికుల్ని, బంధించారు. మే 17న ముగ్గుర్ని ఆవరణలో కాల్చేశారు. బందీల్లో ఒకడు, ఆంథొనీ సెడ్లీ, జ్ఞానస్నానపు తొట్టి అంచున తన పేరు చెక్కాడు, ఇప్పటికీ కనబడుతుంది.

బర్ఫర్డ్ వంతెన దాటాక పెద్ద రోడ్డు మీద ఉండేది కొద్ది దూరమే. ఎడమకు టేంటన్ దారి పట్టాలి. బ్లెనిమ్ ప్యాలెస్‌కి వాడిన రాళ్లలో టేంటన్ క్వారీలవి ఉన్నాయి. తర్వాత గ్రేట్ బారింగ్టన్, గ్రేట్ రిసింగ్టన్, లిటిల్ రిసింగ్టన్, విక్ రిసింగ్టన్. ఇక్కడ బోర్టన్ బోర్డులు ఊరిస్తాయి. ఆదివారం మధ్యాహ్నమైతే పట్టించుకోకండి. విక్ రిసింగ్టన్ నుంచి ఏ424 దాకా ఎక్కుడే. ఆ రోడ్డును నేరుగా దాటి ఐకమ్ మీదుగా బ్లెడింగ్టన్‌కి దిగితే స్టేషన్ అక్కడికి దగ్గరే. గమనించారా, దారి మొత్తంలో ‘ఏ’ రోడ్లతో పని రెండు చోట్లే, బర్ఫర్డ్‌లోనూ ఇక్కడా. దారి గీసుకునేటప్పుడు నేను మొదట చూసే లెక్క ఇదే: పెద్ద రోడ్డును అడ్డంగా దాటడం పది సెకన్ల పని, దాని వెంట కిలోమీటరు తొక్కడం మూడు నిమిషాల నరకం.

సైకిలు విషయానికొస్తే, బరువు తగ్గించడానికి పెట్టే డబ్బు గేర్లకు పెట్టండి. మనిషీ సైకిలూ కలిపి 85 కిలోలు, ఎక్కుడు 15 శాతం అనుకుందాం. ముందు 34 పళ్లు, వెనక 28 పళ్ల గేరులో నిమిషానికి 60 సార్లు పెడలు తిప్పితే వేగం గంటకు 9 కిలోమీటర్లు దాటుతుంది, దానికి సుమారు 325 వాట్లు కావాలి. అది చాలామందికి ఎక్కువసేపు నిలవదు. వెనక 34 పళ్లుంటే అదే తిప్పుడుకి వేగం 7.6, శక్తి 270 వాట్లు. సైకిలు బరువు ఒక కిలో తగ్గిస్తే అక్కడ మిగిలేది 3 వాట్లు. లెక్క ఇంత తేటగా ఉన్నా దుకాణాల్లో అమ్ముడుపోయేది తేలికపాటి కార్బన్ సైకిలే. 11–34 క్యాసెట్‌కి, అంటే 11 నుంచి 34 పళ్ల దాకా ఉన్న వెనక గేర్ల కట్టకి, మారేటప్పుడు రెండు సంగతులు చూడాలి: చైన్‌ను గేరు నుంచి గేరుకి జరిపే వెనక డిరేలర్ 34 పళ్లను అందుకోగలదా, చైన్ పొడవు చాలుతుందా. పొట్టి చైన్‌తో ముందు పెద్ద రింగూ వెనక పెద్ద పళ్లూ కలిస్తే డిరేలర్ విరిగి చక్రంలో పడుతుంది.

టైర్లు 28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, ఫ్రేములో పడితే 32 వేయండి. 75 కిలోల మనిషికి 28కి 70 పీఎస్‌ఐ దగ్గర, 32కి 55 దగ్గర మొదలుపెట్టి ఐదైదుగా సవరించుకోవచ్చు. గట్టిగా కొడితే వేగంగా పోతుందన్నది నున్నటి రోడ్డు మాట. అతుకులు వేసిన సందు దారిలో గట్టి టైరు ఎగిరెగిరి పడుతుంది, దిగుడులో బ్రేకు పట్టదు.

పంక్చర్లకు ఇక్కడ ఒక కాలం ఉంది. పక్షులు గూళ్లు కట్టే రోజులని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొలాల ముళ్లకంచెలు కొట్టకూడదని 2024లో నిబంధన వచ్చింది. కొన్ని మినహాయింపులున్నాయి. సెప్టెంబరు రాగానే ట్రాక్టర్లు కంచెల మీద పడతాయి. హాథార్న్, బ్లాక్‌థార్న్ ముళ్లు రోడ్డంతా చిమ్ముతాయి. ఈ ముల్లు గాజుపెంకులా టైరును చీల్చదు, సూదిలా గుచ్చుకుని మొన విరిగి లోపలే ఉండిపోతుంది. గాలి మెల్లగా దిగుతుంది. కొత్త ట్యూబు వేసుకుని బయల్దేరితే పది నిమిషాల్లో అదీ పోతుంది. కాబట్టి ట్యూబు తీయగానే వాల్వు స్థానాన్ని టైరు మీది ముద్రతో సరిపెట్టుకోండి. ట్యూబులో చిల్లు ఎక్కడుందో చూస్తే టైరులో ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. లోపల వేలు మెల్లగా తిప్పి, దొరికినదాన్ని తీసేయండి. ఈ నెలల్లో టైరులో గాలి నింపే చిన్న గ్యాసు సిలిండరు ఒక్కటే నమ్ముకుంటే ముల్లు మిస్సయినప్పుడు రెండోసారికి గాలి ఉండదు. చేతి పంపు, రెండు ట్యూబులు, చైన్ తెంచే పనిముట్టు, తెగిన చైన్‌ను కలపడానికి దానికి సరిపడే క్విక్ లింకు, డిరేలర్‌ను ఫ్రేముకు తగిలించే హ్యాంగరు స్పేర్ ఒకటి చాలు. ట్యూబ్‌లెస్ టైర్ల వాళ్లు చిల్లులు పూడ్చే ద్రవాన్ని, అంటే సీలెంట్‌ను, ఆగస్టులోనే కొత్తగా పోసుకోవాలి. నెలలు గడిస్తే అది ఎండి రబ్బరు ముద్దవుతుంది.

వానాకాలం సమస్య ఇంకోటి. సున్నపురాయి బురద సన్నటి ఉప్పుకాగితపు పనే చేస్తుంది. బ్రేకు ప్యాడ్లనూ చైన్‌నూ అరగదీస్తుంది. ఆ సాయంత్రమే కడిగి, ఆరబెట్టి, తడికి నిలిచే నూనె వేయకపోతే మర్నాటికి చైన్ ఎర్రబడుతుంది. ఏరు రోడ్డు మీదుగా పారే చోట్ల, అంటే అప్పర్ స్లాటర్ లాంటి ఊళ్లలో, నీటి కింద కాంక్రీటు పాచిపట్టి ఉంటుంది. లోతు వల్ల కాదు, ఆ పాచి వల్ల పడతారు. పక్కన కాలిబాట వంతెన ఉంటుంది, దిగి నడవండి. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా వేసిన ఇనుప కడ్డీల్ని మాత్రం దిగకుండానే దాటవచ్చు: హ్యాండిల్ తిన్నగా, పెడలు ఆపి, బ్రేకు ముట్టకుండా.

సన్న దారిలో ఎక్కడ తొక్కాలన్నది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. మర్యాద కోసం ఎడమ అంచుకు అంటుకుపోతారు. లెక్క చూడండి. అద్దాలతో కలిపి కారు 2 మీటర్లు, సైకిలు 70 సెంటీమీటర్లు, 2022లో సవరించిన హైవే కోడ్ ప్రకారం మధ్యలో కనీసం మీటరున్నర ఎడం. మొత్తం 4.2 మీటర్లు. మ్యాపులో సన్న పసుపు గీతగా ఉన్న రోడ్డు 4 మీటర్లకు తక్కువ. అంటే అక్కడ సరైన ఓవర్‌టేకింగ్ అనేదే లేదు. అంచున తొక్కితే పట్టని సందులో ప్రయత్నించమని కారును పిలిచినట్టే. అందుకే మలుపులకు ముందు నడిమధ్యన ఉండండి, దారి వెడల్పైన చోటో పొలం గేటు దగ్గరో ఆగి, కాలు కింద పెట్టి, చేయి ఊపి పంపించండి. చక్రాన్ని గడ్డిలోకి దింపవద్దు. నీరు పోవడానికి గడ్డిలో అడ్డంగా తవ్విన చిన్న కాలువలు పైకి కనబడవు, ముందు చక్రం అందులో పడితే మనిషి హ్యాండిల్ మీదుగా వెళ్తాడు. ఎదురుగా వచ్చేవాడు కూడా అలాగే రావచ్చు కాబట్టి, కనబడే దూరంలో సగంలో ఆగగలిగే వేగమే వేగం. గుర్రం కనిపిస్తే వెనక నుంచి బెల్లు కొట్టకండి, దూరం నుంచే మనిషి గొంతుతో ‘హలో’ అనండి. నడక వేగానికి తగ్గి 2 మీటర్ల ఎడంతో దాటండి.

వీటన్నిటితో సగటు వేగం గంటకు 16 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. బల్లపరుపు రోడ్డు మీద 25 తొక్కేవాళ్లకైనా అంతే. ఆ అంకె చూసి బాధపడేవాళ్లకు బీ రోడ్లే మేలు. డిసెంబరులో సాయంత్రం 4కే సూర్యుడు దిగిపోతాడు, ఈ లెక్కతోనే బయల్దేరే వేళ చూసుకోవాలి. చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, ఎర్ర రిఫ్లెక్టరు చట్టం అడుగుతుంది. 1985 అక్టోబరు తర్వాత తయారైన సైకిలుకి పెడళ్ల మీద పసుపు రిఫ్లెక్టర్లు కూడా ఉండాలి.

తిండి బర్ఫర్డ్‌లోనే. తర్వాత కింగమ్ దాకా తెరిచున్న దుకాణం దొరుకుతుందన్న నమ్మకం లేదు, చాలా పబ్బుల వంటగదులు మధ్యాహ్నం రెండు, రెండున్నరకి మూసేస్తారు. రెండు బాటిళ్లూ అక్కడే నింపుకోండి. చర్చి ఆవరణలోని కుళాయి పూలకు నీళ్లు పట్టడానికి, తాగే నీరని రాసి ఉంటేనే ముట్టండి. శాకాహారులకు చీజ్ శాండ్‌విచ్, బన్ను లాంటి స్కోన్ వంటివి దొరుకుతాయి. ఎనర్జీ జెల్‌లకు పెట్టే డబ్బుతో పోలిస్తే చిన్న డబ్బాలో పులిహోర ఎన్నో రెట్లు నయం: పిండిపదార్థం, ఉప్పు రెండూ ఉన్నాయి, త్వరగా పాడవదు.

రైలు దగ్గర ఒక జాగ్రత్త. ఈ మార్గంలో గ్రేట్ వెస్టర్న్ దూరప్రయాణపు రైళ్లలో సైకిలుకి ముందే చోటు బుక్ చేసుకోవాలి. సైకిలును నిలువుగా కొక్కేనికి తగిలించాలి కాబట్టి బాటిళ్లు, సంచులు ప్లాట్‌ఫారం మీదే తీసిపెట్టుకోండి. బుకింగ్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది, తప్పితే తర్వాతి రైలులో చోటు ఉంటుందన్న హామీ లేదు. అనుకున్న వేళకంటే గంట తర్వాతి రైలు తీసుకోవడం మేలు. ఆ గంట మిగిలితే కింగమ్ స్టేషన్ నుంచి బీ4450 మీద ఓ మూడు కిలోమీటర్లు వెళ్తే చర్చిల్ గ్రామం. వారన్ హేస్టింగ్స్ 1732లో పుట్టింది ఇక్కడే. 1769 నుంచి 1772 దాకా మద్రాసు కౌన్సిల్లో ఉన్నాడు, మన ఉత్తర సర్కారులు కంపెనీ చేతికొచ్చిన తొలి సంవత్సరాలవి. తర్వాత 1788లో పక్కనే డేల్స్‌ఫర్డ్‌లో ఎస్టేటు కొన్నాడు, సమాధీ అక్కడే. అదే చర్చిల్‌లో 1769లో పుట్టిన విలియం స్మిత్ 1815లో ఇంగ్లండ్ రాతిపొరల మ్యాపు గీశాడు. ఊళ్లో అతని పేరున రాతి స్మారకం ఉంది. తిరుగు దారి దాదాపు దిగుడే, కానీ బీ రోడ్డు కాబట్టి పగలైనా వెనక లైటు వెలిగించే వెళ్లండి.